నూట యాభైకి బోరు పైపు షాఫ్టు

2006 జూన్‌లో మా కంపెనీ నన్ను ఖమ్మం వర్క్‌షాపుకు సర్వీస్ ఇంజనీరుగా వేసింది. గేర్‌బాక్సులు, వెనుక యాక్సిళ్ళు, ఆ రెంటినీ కలుపుతూ బండి కింద తిరిగే ప్రొపెల్లర్ షాఫ్టులు బాగుచేయడం మా పని. నా కింద ఒక ఫోర్‌మన్, కొందరు మెకానిక్కులు ఉండేవారు. వచ్చినవాళ్ళు నన్ను చూసి "ఇంజనీరు సారు లేడా?" అని అడిగేవారు. కొన్నాళ్ళు ఓపిగ్గా నేనే ఇంజనీరునని చెప్పాను. తర్వాత విసుగొచ్చి, లేడని చెప్పి వాళ్ళ బండి కిందికి దూరేదాన్ని.

వానలు తగ్గాక ప్రభుదాసు వచ్చాడు. జూలూరుపాడు నుంచి టేకులపల్లి వైపు అడవి ఊళ్ళకు మనుషుల్ని చేరవేసే సర్వీసు జీపు తోలేవాడు. ఓ పాత అంబాసిడర్ కొని, దానికి పెద్ద పెట్రోలు ఇంజను ఎక్కించుకున్నాడు. వాడకంలో లేని ఒక రన్‌వే మీద కార్లకు టాప్ స్పీడు పరుగులు పెడుతున్నారని విని పేరిచ్చాడు.

"ఐదో గేరుల నూట ఎనభై పోవాలె మేడం. పెద్ద గేరు పెట్టున్రి" అన్నాడు.

గేరు పెద్దదైతే స్పీడు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. వేగం పెరిగేకొద్దీ ఇంజను బలమంతా ఎదురుగాలిని తోయడానికే ఖర్చవుతుంది. ప్రభుదాసు ఇంజను నిమిషానికి ఐదు వేల చుట్ల దగ్గర పూర్తి బలం ఇస్తుంది. ఆ బలం గంటకు నూట యాభై కిలోమీటర్లకు సరిపోతుంది, అంతే. కాబట్టి కారు నూట యాభైలో ఉన్నప్పుడు ఇంజను సరిగ్గా ఐదు వేల దగ్గర ఉండేలా వెనుక యాక్సిల్‌లోని క్రౌన్, పినియన్ చక్రాల పళ్ళు ఎంచుకోవాలి. గేరు అంతకంటే పెద్దదైతే ఇంజను తన బలమున్న చోటికి చేరలేక ఆయాసపడుతుంది. చిన్నదైతే ముందే కేకలు పెడుతుంది. మా స్టాకులో పది పళ్ళ పినియన్, ముప్పై తొమ్మిది పళ్ళ క్రౌన్ జత ఉంది. నాలుగో గేరులో దానికి లెక్క కుదిరింది. ఐదో గేరు పెట్రోలు ఆదా చేయడానికే తప్ప ఈ పనికి రాదని చెప్పాను.

అతని ముఖం వాడిపోయింది. "ఊర్ల నూట ఎనభై అని చెప్పుకున్న మేడం."

"చెప్పుకున్నది నువ్వు, లాగాల్సింది ఇంజను" అన్నాను. నవ్వి ఒప్పుకున్నాడు.

అసలు చిక్కు షాఫ్టు దగ్గర వచ్చింది. కారు కింద మనిషి ఛాతీ ఎత్తు పొడవున్న కొత్త షాఫ్టు కనబడింది. పైపు గోడ మందం చూస్తే అనుమానమొచ్చి అడిగాను. బోరు పైపుతో చేసిందట. చేసింది అతని మేనమామ సామ్యేలు. తండ్రి పోయాక ప్రభుదాసును పెంచింది ఆయనే. జూలూరుపాడులో వెల్డింగ్ షాపు. అడవి రోడ్లలో విరిగిన జీపు షాఫ్టులన్నీ ఆయన దగ్గరికే వెళ్ళేవి, బోరు పైపు వేసుకుని తిరిగి వచ్చేవి. ఒక్కటీ మళ్ళీ విరగలేదు. ఈ పరుగు వద్దని మొదట ఆయన గట్టిగా పట్టుబట్టాడట. చివరికి, "షాఫ్టు నా చేతిదైతేనే పో" అన్నాడట.

ఆ షాఫ్టు పనికిరాదు. షాఫ్టుకు రెండు రకాల పరీక్షలుంటాయి. మెలిపెడితే తట్టుకోవడం ఒకటి. వేగంగా తిరిగేటప్పుడు నిటారుగా ఉండడం రెండోది. ఒక వేగం దాటితే ఎంత గట్టి షాఫ్టయినా నడుమ దగ్గర విల్లులా వంగి కొట్టుకుంటుంది, తెగుతుంది. ఆ వేగం పొడవును బట్టి, పైపు వ్యాసాన్ని బట్టి ఉంటుంది. గోడ మందం పెంచితే బరువు పెరుగుతుంది తప్ప మేలు జరగదు. నాలుగో గేరులో షాఫ్టు కూడా ఇంజనుతో సమానంగా ఐదు వేల చుట్లు తిరగాలి. ఈ షాఫ్టు అంత తట్టుకోదని లెక్కలో తేలింది. అది తిరిగేది డ్రైవరు సీటు పక్కనే. తెగితే పోయేవి ప్రభుదాసు కాళ్ళు, లేదా ప్రాణం.

నేను వద్దన్నాను. ప్రభుదాసు సరే మేడం అన్నాడు. మరీ తొందరగా అన్నాడు. అది నాకు నచ్చలేదు. మామను తీసుకురమ్మన్నాను.

ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరూ వచ్చారు. సామ్యేలు ఇస్త్రీ చొక్కాలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. "ఏంది మేడం, నా షాఫ్టుల తప్పేంది? లారీకి ఏసినా విరగదు గది."

విరగదని ఒప్పుకున్నాను. ఆ వెల్డింగు మా మెకానిక్కులు చేసేదానికంటే శుభ్రంగా ఉంది, ఆ మాట కూడా చెప్పాను. షాఫ్టును వేగంగా తిప్పి చూసే బ్యాలెన్సింగ్ మెషీన్ మీద బిగించి, ఇనుప తలుపు మూయించి, కిటికీ అద్దంలోంచి చూడమన్నాను. మూడు వేల దాకా బుద్ధిగా తిరిగింది. నాలుగు వేలు దాటాక పైపు నడుమ మసకబారి లావైనట్టు కనబడింది. నేల అదిరింది.

"ఆపున్రి!" అని సామ్యేలు అరిచాడు. అప్పటికే నా చెయ్యి స్విచ్ మీద ఉంది.

షాఫ్టు ఆగాక సామ్యేలు తలుపు తీయించి దాని నడుమ చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత, "మరి మా జీపులల్ల గిట్ల ఎందుకు కాలే?" అన్నాడు. ఆ గుంతల్లో జీపు నలభై దాటదు, షాఫ్టు రెండు వేల చుట్లు కూడా తిరగదు, అక్కడ కావాల్సింది మీరు చేసే గట్టిదనమే అని చెప్పాను. తల ఊపాడు. "గీడ ఏం చెయ్యాలె, చెప్పున్రి" అన్నాడు.

పొడుగు షాఫ్టు తీసేసి, నడుమ బేరింగుతో రెండు పొట్టి ముక్కలు వేశాం. పొడవు సగమైతే తట్టుకునే వేగం నాలుగింతలవుతుంది. బేరింగును మోసే అడ్డబద్దె, ఒకవేళ షాఫ్టు ఊడినా నేలకు గుచ్చుకోకుండా ఆపే ఇనుప పట్టీలు సామ్యేలే చేశాడు. కొలత నేనిచ్చాను. పట్టీల మందం మాత్రం ఆయన తన ఇష్టప్రకారం పెంచాడు. నేను అడ్డు చెప్పలేదు.

పరుగు రోజు నేనూ వెళ్ళాను. మొదటిసారి నాలుగో గేరులో నూట నలభై ఎనిమిది వచ్చింది. రెండోసారి ప్రభుదాసు నా మాట కాదని ఐదో గేరు వేశాడు. వేగం తగ్గింది. దిగి వచ్చి, "మీరు చెప్పింది నిజమే మేడం" అని సిగ్గుపడ్డాడు. సామ్యేలు అంకె అడగలేదు. మేనల్లుడి భుజాలు, చేతులు తడిమి చూసి పక్కకెళ్ళి కళ్ళు తుడుచుకున్నాడు.

తిరుగు దారిలో టీ తాగుతూ, మామ వినకుండా ప్రభుదాసు నాతో ఒక మాట చెప్పాడు. "మామ గా మెషీన్ చూడకపోతే, మీరు ఏది బిగించినా రన్‌వే కాడ ఇప్పేసి ఆయన షాఫ్టే ఏసుకునేటోన్ని. మామకు మాటిచ్చిన మేడం."

తర్వాత పదేళ్ళు ఆ ఉద్యోగంలో ఉన్నాను. ఏ భాగాన్నయినా పనికిరాదని పక్కన పెట్టేటప్పుడు, దాన్ని చేసినవాళ్ళను పిలిపించి, అది ఎందుకు పనికిరాదో వాళ్ళ కళ్ళముందే చూపించాను. లెక్క నాకు అర్థమైతే చాలదు. బండి నా ముందు నుంచి వెళ్ళిపోయాక స్పానరు వాళ్ళ చేతిలోనే ఉంటుంది.