రాయి కడిగి గీసిన మామ

మా ఎదురింటి మామ పోయాడు. ఆదివారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి కుళాయి గట్టు మీద బోర్లించి, వసారాలో కుర్చీలో కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. కబురు చెప్పినవాళ్ళు ముందుగా గ్లాసు సంగతే చెప్పారు. ఆయన్ని ఎరిగినవాళ్ళెవరమూ ఆశ్చర్యపోలేదు.

మామ అంటున్నానే గానీ మాకు చుట్టరికం లేదు. జమ్మలమడుగులో ఒక ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసి, రిటైరై ప్రొద్దుటూరు చేరిన మనిషి. వాళ్ళ నాయన కంసాలి. గీటురాయి మీద బంగారం గీసి, ఆ గీత మీద యాసిడ్ చుక్క వేసి, మిగిలిన రంగును బట్టి మేలిమి చెప్పేవాడట. “రాయి కడక్కుండా గీస్తే నిన్నటి బంగారం ఈ పొద్దు మాట్లాడ్తాది” అని ఆ పెద్దాయన మాట. మామ ఉద్యోగమంతా ఆ మాట మీదే చేశాడు. అన్యాయం కనబడితే కరపత్రం రాసే నా కోపాన్ని సగం కూడా ఒప్పుకోలేదు. అలాగని ఒక్కనాడూ ఆర్పుకొమ్మనీ అనలేదు.

కొన్నేళ్ళ కిందట, చీనీ కాయలు, అదే బత్తాయిలు, కోసే రోజుల్లో, పులివెందుల దగ్గర ఒక తోటకు పట్నం నుంచి పరిశోధన బృందం వచ్చింది. వాళ్ళు తెచ్చింది వేలిగోరంత చిప్పు. లోపల వెంట్రుక కంటే సన్నని కాలవలు. ఒక్క బొట్టు రక్తం వాటిలో తానే పాకి ఎంజైము దగ్గరికి పోతుంది. అక్కడ చక్కెర ఎంత ఉంటే అంత కరెంటు పుడుతుంది. పక్కనున్న పెట్టె దాన్ని అంకెగా చూపిస్తుంది. ఆ రోజు కూలీల్లో చాలామందికి షుగర్ ఎక్కువని చూపించింది.

అందులో ఓబులమ్మ ఒకతె. పెద్దాసుపత్రిలో మళ్ళీ చూపించుకోమని ఇంగ్లీషు కాగితం చేతిలో పెట్టి వాళ్ళు వెళ్ళిపోయారు. అందులో ఆమెకు అర్థమైంది అంకె ఒక్కటే. అన్నం మానేసింది. పక్కింటామె వాడే షుగర్ మాత్రలు అడిగి మింగింది. మూడో రోజు చెట్టు కింద కళ్ళు తిరిగి పడింది.

ఊరుకుంటానా? ‘పల్లె రక్తం, పట్నం ప్రయోగం’ అని కరపత్రం రాశాను. అచ్చుకిచ్చేముందు మామకు చదివి వినిపించాను. ఓబులమ్మ కూడా నాతో వచ్చింది.

“శానా బాగా తిట్టినావప్పా,” అని మామ ఓబులమ్మ వైపు తిరిగాడు. “అది సరే, ఆ పొద్దు మీరు ఏం పని చేస్తాండిరి తల్లీ?”

“కాయలు కోస్తాంటిమి సామీ. తోట ఆసామి కాయలు ఒలిచి అందరికీ పెట్టినాడు. తింటానే పోయి వేలు చూపిస్తిమి.”

“చేతులు కడుక్కున్నారా?”

“ఆ పిల్లోల్లే స్పిరిట్టు దూదితో తుడిచిరి కదా.”

మామ కళ్ళజోడు తీసి నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. “ఏంది మామా, మనిషి పడిపోతే నవ్వుతాండావు?”

“తిట్టేది యాడికి పోతాది? ముందు రాయి కడుగుదాం. ఆ మాత్రలు పారెయ్ తల్లీ, అన్నం తిను. వారం ఆగి చూద్దాం.”

వారం తర్వాత ముగ్గురం బృందం మకాముకు బస్సులో పోయాం. “గోర్ల సందుల్లో రుద్దుకో” అంటూ మామే ఆమె చేతుల మీద నీళ్ళు పోశాడు. తడి ఆరాక వేలు గుచ్చారు. అంకె మామూలుగా వచ్చింది. అప్పుడు మామ తన వేలికి చీనీ రసం పూసుకొని, స్పిరిట్ దూదితో ఒక్కసారి తుడిచి, గుచ్చమన్నాడు. అంకె ఎగిరిపోయింది. ఇంకో వేలు సబ్బుతో కడిగి చూపించాడు. దిగింది.

బృందంలోని అమ్మాయి ముఖం పాలిపోయింది. “చిప్పు అబద్ధం చెప్పలేదు పాపా,” అన్నాడు. “అది రక్తం అడిగితే మనం చీనీ రసం కలిపి ఇస్తిమి.” తర్వాత పెద్దాసుపత్రిలో నరం నుంచి తీసిన రక్తమూ అదే చెప్పింది. ఓబులమ్మకు షుగర్ లేదు.

తిరుగు బస్సులో నా కరపత్రం తీసుకొని ‘మోసం’ అన్న చోటల్లా పెన్సిలు గీత పెట్టాడు. ‘తెలుగువాళ్ళ చేతికి ఇంగ్లీషు కాగితమెందుకు?’ అన్న వాక్యాన్ని మాత్రం ముట్టలేదు.

“దీన్ని గట్టిగా అడుగు. ఇది కడిగినా పోదు.”

అడిగాను. వాళ్ళు తెలుగు కాగితం వేశారు. ‘ముందు సబ్బునీళ్ళతో చేతులు కడుక్కోండి’ అన్నది అందులో మొదటి మాట. ఇన్నేళ్ళ నా రాతల్లో గెలిచిన వాక్యం ఏదంటే, మామ కొట్టెయ్యకుండా వదిలిన ఆ ఒక్కటే. ప్రయోగశాల మొత్తాన్ని గోరంత చేశారు, సంతోషం. ఎదుటి మనిషికి అర్థమయ్యేలా చెప్పే బాధ్యతను మాత్రం గోరంత చెయ్యడానికి వీల్లేదని ఇప్పటికీ వాదిస్తాను. మామ ఉంటే దాన్ని కాదనడు.

మామ పోయిన మూడో రోజు ఓబులమ్మ సంచి నిండా చీనీ కాయలతో వచ్చింది. ఏడవలేదు. వసారాలో కూర్చొని ఒలిచి, ఉన్నవాళ్ళందరికీ తలా ఒకటి పెట్టింది. తిన్నాక ఎవరూ చెప్పకుండానే అందరం లేచి కుళాయి దగ్గర వరసలో నిలబడ్డాం. గట్టు మీద మామ బోర్లించిన గ్లాసు అలాగే ఉంది. ఓబులమ్మ దాన్ని కదిలించకుండా పక్కనున్న చెంబు తీసుకొని నా చేతుల మీద నీళ్ళు వంచింది.

“గోర్ల సందుల్లో రుద్దుకో అప్పా.”