బతికున్నోని కోసం మిరుదొడ్డి దాక

నడిస్తే పానం మంచిగుంటదని మొదలు చెప్పినోడు ఎవడో గానీ, వాడు మా ప్లాట్లోనితోని కలిసి నడిచి ఉండడు. నడిచి ఉంటే ఆ మాట నోట్లెనే మింగుతుండె.

ప్లాట్లోడంటే మా దోస్తే. సిద్దిపేట చుట్టుపక్కల జాగలు అమ్ముతడు. రేపో మాపో కౌన్సిలర్ టికెట్ వస్తదని రోజూ తెల్లబట్టలు ఇస్త్రీ చేపిచ్చుకుంటడు. నేను సిమెంటు అమ్ముత, కథలు మాత్రం ఉత్తగనే చెప్త. మూడోవాడు వంట మాస్టర్. ముగ్గురం ఒక్క బెంచీ మీద చదువుకున్నోళ్లం. చదువుకున్నమంటే ఎవలన్న నవ్వుతరు, కూసున్నమన్నది మాత్రం నిజం.

షుగరుతోని మాస్టర్‌కు మోకాలు కింద కాలు తీసేసిన్రు. వేరే పని అయితే కూసొని చేసుకునేటోడు. ఊరు ఊరంత తినే బగారన్నం కూసొని వండరాదు. గంజు పక్కన నిలవడాలె, మంట మీదికి వంగాలె, తెడ్డు తిప్పాలె. ఇగ ముహూర్తాలు మొదలయితుండె. మిరుదొడ్డిల ఒక పటేల్ ఇంట్ల బిడ్డె పెండ్లి ఉంది. ఆ ఇంటి పెండ్లి ఎవలు వండితే చుట్టూ ఊర్లోళ్లు ఆ ఏడంత వాళ్లనే పిలుస్తరు. ఆ పొయ్యి కాడ మాస్టర్ లేకపోతే, ఆయన దగ్గర ఉల్లిగడ్డలు కోసుకుంట పని నేర్చుకున్నోడే ఆయన జాగల నిలవడుతడు. పెట్టుడు కాలు రావాలె, అదీ పెండ్లి లోపట.

"చందా అడుగుతే ఎవడియ్యడు. నడుస్తే ఇస్తరు. సిద్దిపేట నుంచి మాస్టర్ పుట్టిన మిరుదొడ్డి దాక నడుద్దాం" అన్నడు ప్లాట్లోడు. ఉపాయం మంచిదే. మంచి ఉపాయం చెడ్డోనికి తట్టుడే నాకు మంట.

పొద్దు పొద్దున్నే చంద్లాపూర్ కాడ రంగనాయక సాగర్ కట్ట మీద ప్రాక్టీసు మొదలువెట్టినం. ఆ కట్ట మీది గాలి సంగతి చెప్తే మీరు నమ్మరు. ఒకనాడు నా తువ్వాల ఎగిరిపోయి నీళ్లు దాటి అవతలి ఊర్ల ఆరేసిన బట్టలల్ల పడ్డది. ఎవలో మడతవెట్టి బీరువల దాసుకున్నరు కూడ. గాలి నయం. ప్లాట్లోడు నాలుగడుగులకొకసారి ఆగి, పొట్ట లోపటికి గుంజి, ఫోన్ల ఫోటో దిగుతుండె.

"గంత మెల్లగ ఏందిరా, అప్పగింతలకు పోయే పిల్ల లెక్క?" అన్న.

"నీ లెక్క ఉరుకుతే ఎవనికి కనవడుత బే?"

"కనవడి ఏం జేస్తవు, దిష్టిబొమ్మవా?"

గిట్ల తిట్టుకుంటనే నడక నేర్సుకున్నం. నా మడిమెల మీద బొబ్బలు వాటికవే పిల్లల్ని పెట్టినయి. ఇంట్ల నా భార్య పసుపు రాసుకుంట, "నీ కాలు కూడ తీసేస్తే నీ కోసం ఎవలు నడవాలె?" అని అడిగింది. అడిగినట్టు లేదు, ఎదురుచూస్తున్నట్టుంది.

అప్పుడు ఫ్లెక్సీలు పడ్డయి. మా దగ్గర పుట్టినా, గెలిచినా, పోయినా ఫ్లెక్సీ ఉండాలె. ఫ్లెక్సీ కొట్టేటోని కంప్యూటర్ల అన్నిటికీ డిజైన్లు తయారుంటయి, మొఖం పెట్టుడే బాకీ. ప్లాట్లోడు తన ఫోటో దండం పెట్టినట్టు నిలువెత్తున ఏపిచ్చిండు. మాస్టర్ ఫోటో మాత్రం ఓ మూలకు, నీలం ఆకాశంల, మబ్బుల నడుమ, చుట్టూ బంతిపూల దండ. దాని కింద నడక తేదీ. తేదీ కింద, "ఆయన కోసం అందరం నడుద్దాం."

సిద్దిపేట నుంచి మిరుదొడ్డి దాక స్తంభం స్తంభానికి కట్టిపిచ్చిండు.

తెల్లారి మాస్టర్ భార్య నాకు ఫోన్ చేసింది. "అన్నా, మా ఇంటి ముందట ఎవలో ఏడుస్తున్నరు, జెర రా."

నేను పోయేసరికి దూరపు సుట్టాలు ఇద్దరు ముసలోళ్లు గడప కాడ కూసొని రాగం తీస్తున్నరు. మాస్టర్ చంకకర్రల మీద బయటికి వచ్చి, "ఎవలు పోయిన్రే?" అని అడిగిండు. ఒక ముసలామె ఆయనను చూసి, ఏడ్పు ఆపుడు తెల్వక ఇంకింత గట్టిగ ఏడ్చింది.

నవ్వు వచ్చేటిదే. గంతల్నే మాస్టర్ భార్యకు మిరుదొడ్డి పటేల్ ఫోన్ వచ్చింది. "చెల్లె, మీరు దుఃఖంల ఉన్నరు. పెండ్లి వంట సంగతి మనసుల పెట్టుకోకుర్రి. ఇంకొకలకు చెప్పినం" అన్నడు.

మాస్టర్ ఫోన్ గుంజుకున్నడు. "పటేలా, నేనే మాట్లాడుతున్న."

"బతికున్నవా? సంతోషం మాస్టర్. కానీ నన్ను కన్న మా అవ్వకు ఎట్ల చెప్పాలె? ఫోటోకు దండ పడ్డ మనిషి చేత్తోని పెండ్లి పొయ్యి ముట్టిస్తే ఊకుంటదా?"

మాస్టర్ ఫోన్ మెల్లగ కింద పెట్టిండు. కాలు తీసేసిన నాడు కూడ ఆ మొఖం గట్ల చూడలే.

ప్లాట్లోన్ని పిలిపిచ్చినం. "గంతేనా? రేపే ఇంకో ఫ్లెక్సీ ఏపిస్త, 'ఈయన బతికే ఉన్నడు' అని" అన్నడు వాడు.

"అట్లనైతే నిన్నటి దాక సచ్చిండనుకుంటరు బే" అన్న నేను.

"మీ ఇద్దరి నోర్లు మూయుర్రి" అన్నడు మాస్టర్. "షుగరు కాలే తీస్కపోయింది, మీరు మనిషినే తీస్కపోయిన్రు. నడుస్తమన్నరు గదా, నడువుర్రి. నేను ట్రాలీ ఆటోల గంజులు, సామాను ఏసుకొని ముందట పోత. పటేల్ ఇంటి ముందటి ఖాళీ జాగల పొయ్యి పెడ్త. మీరొచ్చి తెడ్డు తిప్పాలె. అలిసిపోయినమంటే అదే తెడ్డు ఈపుల ఇరుగుతది."

నడక నాడు సూర్యుడు మా ఇద్దరి మీద పగవట్టినట్టే పొడిసిండు. ఎనుక పది పదిహేను మంది వచ్చిన్రు, సగం మంది మధ్యల బస్సెక్కిన్రు. లారీలు మా మీద దుమ్ము కొట్టుకుంట పోయినయి. అన్నిటికన్న పాపిష్టి సంగతి, ఊరు ఊరుకు జనం ఫ్లెక్సీని చూసి, మమ్మల్ని చూసి, చేతులు జోడిచ్చుడు. ఒకాయన వచ్చి నా భుజం మీద చెయ్యేసి, "ఎంత వయసుకు పోయిండో పాపం" అన్నడు.

నడిమిట్ల ఒక ఛాయ్ హోటల్ కాడ ఆగినం. మాస్టర్ ఆటో కూడ ఒక చెట్టు అవతల ఆగి ఉన్న సంగతి నేను చూడలే. "ఎట్ల పోయిండన్నా?" అని హోటలాయన అడిగిండు. నా నాలుక ఎన్నడు నా మాట విన్నదని?

"పోయిండు గానీ తిరిగొచ్చిండు" అన్న. "యముని బిడ్డె పెండ్లికి వంట మనిషి దొరకలేదట, మావోన్ని తోల్కపోయిన్రు. పోయి చూస్తే గాడ కొప్పెరల నిండ నూనె కాగుడే గానీ, ఒక్క ఉల్లిగడ్డ లేదు, కొత్తిమీర కట్ట లేదు. గీ సామానుతోని నేను వండనని తెడ్డు ఇసిరికొట్టి వచ్చిండు."

హోటలంత నవ్వింది. చంకకర్ర ఒకటి వచ్చి నా ఈపుకు తాకింది. మాస్టర్ ఆటోల నుంచి లేశి, చువ్వ పట్టుకొని నిలవడ్డడు.

"నా బతుకు నీకు కథనా బే? నువ్వు చెప్తవు, వీళ్లు నవ్వుతరు. రేపు నా పిల్లలకు అన్నం ఎవడు పెడ్తడు, యముడా?"

ఆ తర్వాత మిరుదొడ్డి దాక నేను ఒక్క ముచ్చట చెప్పలే. ప్లాట్లోడు కూడ ఫోటో దిగలే. వాని బూట్లు ఇప్పి చేత పట్టుకొని నడుస్తున్నడు, మడిమెలు నావాటికన్న అధ్వానంగున్నయి. చూసి సంతోషపడ్డ.

ఊరు చేరినమని మొక్కుకునే లోపటనే మాస్టర్ పొయ్యి కాడ నుంచి కేకేసిండు. కోసిన కాలు మోకాలును గోనెసంచి పరిచిన స్టూలు మీద ఆనిచ్చి, చంకకర్ర మీద బరువేసి నిలవడ్డడు. చెయ్యితోని చూపుడే, కలుపుడు మాది. "అడుగు పడుతుంది, అడుగు! కింది నుంచి తియ్యి! ప్లాట్లు కొలిచినట్టు పైపైన కాదు!" తెల్ల బట్టలు పొగకు నల్లగయినయి. నా కండ్ల నుంచి నీళ్లు కారినయి, దానికి పొగ కొంతే కారణం.

వాసనకు జనం మూగిన్రు. పటేల్ వచ్చి దూరంగ నిలవడ్డడు. ఆయన ఎనుక నుంచి వాళ్ల అవ్వ, చేతిల స్టీలు పళ్లెం పట్టుకొని వచ్చింది.

"నువ్వు పోయినవన్నరు గదరా?"

"పోలే అవ్వా."

"మరి దండేసిన్రు?"

"నాకు చెప్పకుండ ఏసిన్రు."

అవ్వ అరుగు మీద కూసొని తిన్నది. ఊరంత ఆమె దవడ దిక్కే చూస్తుంది. నాలుగు బుక్కలు తిని, "ఉప్పు తక్కువైంది" అన్నది.

అప్పటిదాక చేతులు కట్టుకున్నట్టున్న మాస్టర్ భగ్గుమన్నడు. "ఏందీ? ఉప్పు తక్కువనా? నీ కొడుకు పెండ్లికి వండిన, మనుమల పుట్టెంట్రుకలకు వండిన, ఒక్కనాడు ఉప్పు మాట రాలే! బీపీ గోలీలు మింగి నీ నాలుక మొద్దువారింది, నా అన్నానికి పేరువెడుతవా?"

పటేల్ మొఖం తెల్లవడ్డది. ఇగ అంతా అయిపోయిందనుకున్న. ప్లాట్లోడు గంజు చాటుకు జరిగిండు.

అవ్వ ఇంకో బుక్క పెట్టుకొని కొడుకు దిక్కు తిరిగింది. "ఇరవై అయిదేండ్ల సంది గిట్లనే కయ్యం వెట్టుకుంటడు వీడు. సచ్చొచ్చినోనికి గింత పొగరు ఉంటదారా? పెండ్లికి వీన్నే పిలువు." మళ్ల మాస్టర్ దిక్కు చూసింది. "కానీ స్టూలు మీద మోకాలు పెట్టి నా మనుమరాలి పెండ్లి వండనియ్య. రెండు కాళ్ల మీద నిలవడితెనే పొయ్యి ముట్టియ్యి."

నడకల జమైన చందాతోని కాలు వచ్చింది. పెండ్లికి కొంచెం ముందట వచ్చింది, అలవాటయ్యే టైం లేదు. పెండ్లి నాడు మాస్టర్ మమ్మల్నిద్దర్ని పిలిచిండు. తినేటందుకనుకొని మంచి బట్టలేసుకొని పోయినం. ఉల్లిగడ్డల బస్తా ముందటేసిండు.

పొద్దెక్కేసరికి కాలు ఒరుసుకుంటున్నట్టు మొఖంల తెలుస్తుంది. పెదిమెలు బిగవట్టి తెడ్డు తిప్పుతున్నడు. అవ్వ అరుగు మీద నుంచి కన్నార్పకుండ కాపలా కాస్తుంది. నాకు మనసున పట్టక ఒక కుర్చీ తెచ్చి ఆయన ఎనుక పెట్టిన.

మాస్టర్ కుర్చీ దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. కొత్త కాలుతోని ఒక్కటి తన్నిండు. కుర్చీ పొయ్యి దాటి పోయి ప్లాట్లోని ఒళ్లె పడ్డది.