చెయ్యెత్తితే ఆగే బండి

మా బామ్మర్ది నడిపే బస్సు ముందు చక్రం కింద కోడిగుడ్డు పెట్టినా పగిలేది కాదని చెబితే మా ఆవిడ నమ్మదు. ఆ గుడ్డు పెట్టింది నేనేనంటే అసలే నమ్మదు. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టరు నా వేళ్ల మీద స్కేలు విరగ్గొట్టింది గానీ గోరంతను కొండంత చేసి చెప్పే నా అలవాటును మాత్రం విరగ్గొట్టలేకపోయింది. అందుకే ముందే చెబుతున్నాను. గుడ్డు సంగతి మీ ఇష్టం. ఆకుపచ్చ బస్సు సంగతి మాత్రం నా కళ్లెదుటే జరిగింది.

మావాడు మా ఆవిడకు సొంత తమ్ముడు. మీసాలు సరిగ్గా రాకముందే స్టీరింగు పట్టుకున్నాడు, అవి తెల్లబడేదాకా వదల్లేదు. డిపోలో అందరూ అతన్ని 'బ్రేకు' అనేవారు. స్టాపు ఉన్నా లేకపోయినా, రోడ్డు పక్కన ఎవరు చెయ్యెత్తినా బండి ఆపేవాడు మరి. బస్సు ఆలస్యమవుతోందని పైవాళ్లు పిలిచి అడిగితే, "చెయ్యి కనపడగానే కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది సార్. మెమో ఇవ్వాలంటే కాలికివ్వండి" అన్నాడట.

ఆ కాలే చివరికి మొరాయించింది. సర్వీసు ముగిసే రోజున ఇంటిల్లిపాదినీ తన బస్సులో ఎక్కించుకుని ఒక ట్రిప్పు తిప్పాలని మావాడికి ఎప్పటినుంచో కోరిక. సరిగ్గా దానికి ముందే కుడి మోకాలికి ఆపరేషన్ అవసరమైంది. ఆసుపత్రిలో పడుకున్నప్పుడు డ్రైవరు, కట్టు విప్పి ఇంటికి వచ్చేసరికి రిటైర్డ్ డ్రైవరు. చివరి ట్రిప్పు అలాగే మిగిలిపోయింది.

వాళ్లుండేది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. కిటికీ కింద మలుపు. ప్రతి బస్సూ అక్కడ గేరు మార్చాల్సిందే. మావాడు కాలు స్టూలు మీద చాపుకుని, కళ్లు మూసుకుని ఆ చప్పుడు వింటూ కూర్చునేవాడు. "వీడెవడో కొత్తవాడు, బావా. గేరు మారుస్తున్నాడా, పళ్లు కొరుకుతున్నాడా?" అనేవాడు. తిట్టినంతసేపూ పరవాలేదు. తిట్టడం అయిపోయాక ముఖం వేలాడేసేవాడు. మోకాలికి వ్యాయామం చెయ్యమని డాక్టరు చెబితే, "ఎక్కడికి వెళ్లాలని?" అని ఎదురు ప్రశ్న వేశాడు.

అప్పుడు రంగంలోకి దిగింది మా మేనకోడలు, అంటే వాడి కూతురు. పార్సిళ్ల గోడౌనులో ఏ పెట్టె ఏ బండిలో ఎక్కాలో చూసే ఉద్యోగం దానిది. బండిలో అరచెయ్యంత చోటు ఖాళీగా పోతే ఆ రోజు దానికి అన్నం సయించదు. ఒకరోజు తన పాత టాబ్లెట్ తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. అందులో ఒక ఆట. ఒక దీవి, దాని నిండా రోడ్లు, పొలాలు, రేవు. ఎక్కడెక్కడి మనుషులో వచ్చి అందులో తిరుగుతుంటారు, చేపలు పడతారు, సరుకులు మోస్తారు. పని చేస్తే పాయింట్లు. పాయింట్లు పోగైతే ఒక్కో మెట్టు ఎక్కుతారు. మెట్టుకో బహుమతి.

మావాడు చిన్న పిల్లల ఆటను చూసినట్టు చూశాడు. టోపీలు, చొక్కాలు, ఒక గొడుగు దాటుకుంటూ వేలితో పైకి జరుపుతూ పోయాడు. చిట్టచివరి మెట్టు మీద వేలు ఆగిపోయింది. అక్కడ ఆకుపచ్చ బస్సు నిలబడి ఉంది. రెండు తలుపులు, పెద్ద అద్దం, లోపల వరసగా సీట్లు.

"ఇదెంతే?"

"కొంటే దొరకదు నాన్నా. సీజను అని కొన్ని వారాల గడువు ఉంటుంది, అది అయ్యేలోగా ఆ మెట్టు ఎక్కినవాళ్లకే ఇస్తారు. తర్వాత మళ్లీ రాదు."

"మళ్లీ రాదంటే?"

"రాదంటే రాదు. లాస్ట్ బస్."

ఆ మాటతో మావాడు స్టూలు మీంచి కాలు దించి నిటారుగా కూర్చున్నాడు. "ఎలా ఎక్కాలో చెప్పు" అన్నాడు.

అది చెప్పడం మొదలుపెట్టింది. "కనపడిన పనల్లా నెత్తిన వేసుకోకు. రోజువారీ పనులు చిన్నవి, పాయింట్లు మాత్రం బాగా వస్తాయి. వాటిని వదలొద్దు. వారం పనుల్లో ఒకే దారిలో ఉన్నవి కలిపి చెయ్యి. రేవులో పెట్టెలు దింపమన్నారు, చేపలు పట్టమన్నారు. వెళ్లేటప్పుడు పెట్టెలు, వచ్చేటప్పుడు చేపలు. నచ్చని పని పడితే రోజుకొకటి ఊరికే మార్చుకోవచ్చు. శని ఆదివారాలు పాయింట్లు రెట్టింపు, పెద్ద పనులు అప్పటికి దాచుకో."

"అంటే తిరుగు ట్రిప్పు ఖాళీగా రాకూడదు, రద్దీ ఉన్నప్పుడు పెద్ద బండి తియ్యాలి. అంతేగా?"

"అంతే."

"దీనికి ఇంత ఉపన్యాసమా? నేను అన్నం తిన్నదే దాని మీద కదే!"

ఆటలో కొత్తవాళ్లకు మూడు చక్రాల తోపుడు బండి లాంటిది ఇస్తారు. ఇంజను ఉంటుంది, వెనక ఇద్దరు కూర్చోవచ్చు. మావాడు టాబ్లెట్‌ను రెండు చేతులా స్టీరింగులా పట్టుకుని దాన్ని తోలుతుంటే చూడాలి! మలుపు వస్తే మనిషంతా వంగేవాడు. ఆగాల్సి వస్తే కుడి కాలితో నేలను నొక్కేవాడు. ఆ నొక్కుడుకి కింద చాప రంగు వెలిసిపోయింది. మోకాలు వంగడం మొదలైంది. ఆ చాపను తీసుకెళ్లి చూపిస్తే డాక్టరు గోడకు తగిలించుకున్నాడని నేను అందరికీ చెబుతుంటాను.

లెక్క ప్రకారం మావాడు మెట్లు చకచకా ఎక్కాలి. ఎక్కలేదు. కారణం ఏమిటంటే, ఆ ఆటలో ఒకరికొకరు ఎదురైతే చెయ్యి ఊపుతారు. పలకరింపు, అంతకుమించి ఏమీ లేదు. కానీ మావాడికి చెయ్యి కనపడితే కాలు ఊరుకుంటుందా?

"అంకుల్, ఊరికే హాయ్ చెప్పాను!" అని టాబ్లెట్‌లోంచి ఎవరిదో గొంతు.

"చెయ్యెత్తావుగా బాబూ, ఎక్కు."

"నాకెక్కడికీ వెళ్లే పని లేదు."

"ఎక్కితే అదే గుర్తొస్తుంది, ఎక్కు."

వాళ్లు నవ్వుతూ ఎక్కేవాళ్లు. మావాడు వాళ్లను దీవి అవతలి కొస దాకా దింపి వచ్చేవాడు. దానికి పాయింట్లు లేవు. కొన్నాళ్లకు 'డ్రైవరంకుల్' బండి ఎక్కడానికే రోడ్డు పక్కన నిలబడి చేతులు ఊపేవాళ్లు తయారయ్యారు. మేనకోడలు తల బాదుకునేది. "మామయ్యా, నువ్వైనా చెప్పు. రోజుకి సగం సమయం ఊరేగింపులకే పోతోంది."

"నేను చెబితే వింటాడా? మీ అత్త చెప్పిందే వినడు" అని నేను తప్పించుకునేవాడిని.

అది మాత్రం గోడౌను నుంచి వచ్చి కాసేపు ఆడి, సీజను సగంలోనే చివరి మెట్టు ఎక్కేసింది. బస్సు తెచ్చుకుంది. "రా నాన్నా, ఎక్కు, ఓ చుట్టు తిప్పుతాను" అంది. మావాడు ముఖం తిప్పుకున్నాడు. "ప్యాసింజరుగా నేనెక్కను. నా బండి నేను సంపాదించుకుంటా." ఆ రోజు నుంచి అది తన బస్సును బయటికే తియ్యలేదు.

సీజను చివరి రోజు ఆదివారం. మధ్యాహ్నానికి మూసేస్తారు. పొద్దున్నే నేనూ మా ఆవిడా వెళ్లేసరికి ఇల్లు పరీక్ష హాలులా ఉంది. చివరి మెట్టుకు రెండు పనుల దూరంలో ఉన్నాడు మావాడు. రేవులో పెట్టెలు దింపాలి, వల నిండా చేపలు పట్టాలి. పాయింట్లు రెట్టింపు. సమయం సరిపోతుంది. పెట్టెలు దింపేశాడు. చేపల వైపు బండి తిప్పాడు.

అప్పుడు కనిపించాడు ఒక కొత్త ఆటగాడు. కూలిన వంతెన దగ్గర, ఒంటి మీద మొదటి రోజు ఇచ్చే ముతక చొక్కా, దారి తెలీక నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ ఊపుతున్నాడు.

"నాన్నా, ఆగకు!" కూతురు లేచి నిలబడింది. "వాడు హాయ్ చెబుతున్నాడంతే!"

"రెండు చేతులతో హాయ్ ఎవరు చెబుతారే?"

కుడి కాలు నేలను నొక్కింది. బండి ఆగింది. ఆ కుర్రాడికి ఊరు అవతలి ఒడ్డున ఉందట, ఎలా వెళ్లాలో తెలీదట. మావాడు వాణ్ని ఎక్కించుకుని, చుట్టుదారిన తీసుకెళ్లి, ఊరి మొదట్లో దింపి, "ఈసారి వంతెన వైపు పోకు నాయనా" అని చెప్పి మరీ వెనక్కి వచ్చాడు. వల వేశాడు. వల సగం నిండేసరికి టాబ్లెట్ మీద నీలం తెర దిగింది. సీజను ముగిసింది.

మావాడు టాబ్లెట్‌ను స్టూలు మీద బోర్లించాడు. "పోనీలే" అన్నాడు. కింద మలుపులో ఒక బస్సు కీచుమంటూ గేరు మార్చింది. మావాడు దాన్ని తిట్టలేదు. అప్పుడు నాకు భయం వేసింది.

మా మేనకోడలు గోడకు ఆనుకుని తన ఫోనులో ఏదో గెలుకుతోంది. కాసేపటికి బోర్లించిన టాబ్లెట్‌లోంచి హారన్ మోగింది. ఒకసారి కాదు, ఆగకుండా.

"నాన్నా, కొంచెం చూడవా. నా బస్సు చెరువులో పడింది."

మావాడు టాబ్లెట్ తిప్పాడు. కొత్త సీజను మొదలైంది, రోడ్ల పక్కన పసుపుపచ్చ పూలు పూశాయి. వాటి పక్కనే చెరువులో ఆకుపచ్చ బస్సు ముక్కు ముంచుకుని, వెనక చక్రాలు పైకెత్తుకుని ఉంది.

"ఇంత రోడ్డుండగా చెరువే దొరికిందా నీకు?"

"నాకు తిప్పడం రావట్లేదు. నువ్వెక్కి తియ్యి. నువ్వు నా స్నేహితుల్లో ఉన్నావుగా, స్టీరింగు నీకివ్వొచ్చు."

అది కావాలనే ముంచిందని నా అనుమానం. అడిగితే ఇప్పటికీ ఒప్పుకోదు.

"నాది కాని బండి నేను నడపను" అన్నాడు మావాడు.

నాకు నవ్వాగలేదు. "ఏమోయ్ బామ్మర్దీ, ఇన్నేళ్లూ నువ్వు నడిపినవి మా మామగారు కొనిచ్చిన బస్సులా? ఆయన వానకి గొడుగే కొనలేదు!"

మావాడు నన్ను కొరికేసేలా చూశాడు. తర్వాత ఆ చూపు అలాగే నిలిచిపోయింది. ఏదో లెక్కలో తప్పు దొరికినవాడిలా కూతురి వైపు తిరిగాడు. "అవునే. ఒక్కటీ నాది కాదు" అన్నాడు. మెల్లగా మీసాల కింద నవ్వు కదిలింది. "స్టీరింగ్ ఇటివ్వు."

ముందు నీళ్లలో దిగి బస్సు చుట్టూ తిరిగి టైర్లు చూశాడు. తర్వాత ఎక్కాడు. క్లచ్ కోసం ఎడమ కాలితో నేలంతా వెతికాడు. వెనక్కి తీద్దామని ముందుకు నొక్కి, బస్సును ఇంకాస్త లోపలికి ముంచాడు. "డ్రైవరంకుల్ చెరువులో!" అని టాబ్లెట్‌లో ఎవరో కేక పెట్టారు. ఒడ్డున జనం పోగయ్యారు. మూడో ప్రయత్నంలో బస్సు నీళ్లు విదిల్చుకుని రోడ్డెక్కింది. ముతక చొక్కా కుర్రాడు అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చి ఎక్కాడు.

మావాడు వెంటనే బండి కదిలించలేదు. "అక్కని పిలవండి" అన్నాడు. మా ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "కూర్చో అక్కా. అమ్మడూ, నువ్వూ. వెనక్కి జరగండి, ముందు నిలబడొద్దు." మావాడి కుర్చీ వెనకున్న మంచం మీద వాళ్లిద్దరూ సర్దుకుని కూర్చున్నారు. మా ఆవిడ నిజంగానే మంచం కోడు గట్టిగా పట్టుకుంది. మావాడు అద్దం సర్దినట్టు గాల్లో చెయ్యి తిప్పాడు. హారన్ కొట్టాడు. బస్సు కదిలింది.

టీ గ్లాసు పొయ్యి దగ్గర పెట్టి వచ్చేసరికి నాకు ఆలస్యమైంది. గుమ్మంలో నిలబడి చెయ్యెత్తాను.

మావాడు తల తిప్పనైనా లేదు. "అది స్టాపు కాదు బావా. ముందుకెళ్లి నిలబడు" అన్నాడు.

మంచం మీద ఇద్దరూ పకపకా నవ్వారు. నేను చెయ్యి దించబోయాను. కింద చూస్తే, మావాడి కుడి కాలు అప్పటికే నేలను నొక్కేసి ఉంది.