తాళం నోట్లో పెట్టుకున్న మనిషి

పెద్దాయన పోయిన నెలకి ఆయన గ్యారేజిలోనే సంతాపసభ పెట్టారు. ఇంజిన్లు కడిగే చోట కుర్చీలు వేశారు. స్పానర్లు తగిలించే మేకుకి పూలదండ తగిలించారు. బతికినన్నాళ్ళూ ఉపన్యాసమంటే ఆమడదూరం పారిపోయిన మనిషికి, పోయాక తప్పించుకునే దారి లేకుండా పోయింది.

కూతురు వెనకాల ఓ జీపుకి ఆనుకుని నిలబడింది. తండ్రి దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు షెడ్డు నడుపుతున్నది ఆమే. సభ అయ్యేలోపు ఆ పని ఉంటుందో ఊడుతుందో తేలిపోతుంది. గ్యారేజి మూసేసి స్మారక మందిరం కట్టాలని, మధ్యలో విగ్రహం నిలపాలని బాబాయి ఎత్తు. షెడ్డు అమ్మ పేరున ఉంది. "ఆయన పేరు నిలబడుతుందంటున్నారే" అని అమ్మ కొన్నాళ్ళుగా గొణుగుతోందే తప్ప, ఔననలేదు, కాదననూ లేదు.

పెద్దాయన సైన్యంలో మెకానిక్కు. ఓసారి జీపు ఇంజిన్లో చెయ్యి పెట్టి ఉండగా, తొందర పట్టలేని కుర్ర ఆఫీసరొకడు స్టార్టు చేశాడు. ఫ్యాను రెక్క రెండు వేళ్ళు తీసుకుపోయింది. యుద్ధంలో ఆయనకి తగిలిన దెబ్బ అదొక్కటే, అదీ మనవాడి చేతిలోనే. ఆ తర్వాత ఏ బండి ముట్టుకున్నా ముందు తాళం పీకి పళ్ళ మధ్య బిగించేవాడు. చేతులు ఇంజిన్లో ఉన్నంతసేపూ తాళం నోట్లోనే. కబుర్లకొచ్చిన వాళ్ళకి తలూపడమే జవాబు. "నోటికి తాళం వేసుకున్న మగాణ్ణి నిజంగా చూసింది నేనొక్కదాన్నే" అని అమ్మ నవ్వేది. వీధిలో 'తాళాల మేస్త్రి' అని పేరు పడింది. అది నమ్మి కొందరు బిగుసుకుపోయిన ఇంటి తాళాలు పట్టుకొచ్చేవారు. నేను ఆ మేస్త్రిని కానని చెప్పడం కంటే బాగుచేసి ఇవ్వడమే తేలికని, అవీ బాగుచేసేవాడు.

ఆ చేతులే కూతురి బడిసంచీని లారీ టార్పాలిను ముక్కతో కుట్టాయి. ఆ చేతులే తమ్ముణ్ణి, అంటే ఈ బాబాయిని, పెద్ద చదువు చదివించాయి. ఆ చదువంతా తమ్ముడికి మైకు ముందు తప్ప ఇంకెక్కడా అక్కరకు రాలేదు.

ముందు మాజీ సైనికుల సంఘం అధ్యక్షుడు లేచాడు. ఈయన చూసిన యుద్ధమంతా దుప్పట్ల గోదాము కిటికీలోంచి చూసిందే. "శత్రువు తూటాకి రెండు వేళ్ళు అర్పించిన వీరుడు!" అన్నాడు. చప్పట్లు మోగాయి.

బాబాయి మైకు అందుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. తడి లేకపోయినా తుడుచుకోవడం ఆయనకి బాగా అలవాటు. "నెత్తురోడుతున్న ఆ చేత్తోనే మా అన్నయ్య తుపాకి పేల్చాడు!"

కూతురు పళ్ళు కొరుక్కుంటూ అమ్మ వైపు చూసింది. అమ్మ కుర్చీలో ముందుకి జరిగింది.

"ఏమయ్యా, ఏ చేత్తో?"

"అంటే... వదినా?"

"ఏ చేత్తో పేల్చాడూ అంటున్నా. వేళ్ళు పోయింది ఏ చేతికి?"

బాబాయి అధ్యక్షుడి వైపు చూశాడు. అధ్యక్షుడు పూలదండ వైపు చూశాడు.

"ఎడం చేతికి, వదినా."

"కుడి చేతికయ్యా!" అమ్మ లేచి నిలబడింది. "ఆ చేత్తోనేగా నీ ఫీజులు నీ చేతిలో పెట్టేవాడు. ఒక్కసారీ దానికేసి చూళ్ళేదా నువ్వు?"

వెనకనుంచి ఒక ఆటో డ్రైవరు, "ఫీజుకేసి చూసుంటాడులే అమ్మా" అన్నాడు. నవ్వు గుప్పుమంది.

"అది కాదు వదినా, విగ్రహం..."

"బొమ్మకి వేళ్ళెన్ని పెట్టమన్నావు? పదీ పెట్టమనే ఉంటావు."

బాబాయి మైకు అధ్యక్షుడి చేతిలో పెట్టేశాడు. నిజంగానే పదీ పెట్టమన్నాడు.

"అయితే ఆ బొమ్మ ఎవరిదో గానీ, మీ ఇంట్లో పెట్టుకో. మా ఆయనది కాదు. ఇది గ్యారేజిగానే ఉంటుంది. కుర్చీలు తీయించండి, అమ్మాయికి పని ఉంది."

జనం లేచారు. ఆటో డ్రైవరు తన బండిని లోపలికి తోసుకొచ్చాడు. అధ్యక్షుడు మాత్రం మైకు వదలకుండా, "ఆవేశంలో అన్న మాటలుగా భావించి..." అని మొదలుపెట్టాడు. కూతురు గోడ దగ్గరికెళ్ళి మైకు ప్లగ్గు పీకి, ఆ చోట గ్రైండింగు మిషను ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేసింది.