తళతళలాడే బండి

పోయిన నెల, పొద్దున ప్రార్థన గంట కొట్టబోతుంటే ఫోన్ వచ్చింది. మా పెద్దసారు పోయారు. గుండెపోటట. "ఒక్కసారిగ వచ్చింది మేడమ్, ముందుగాల ఏం లేకుండె" అన్నాడు ఆయన బావమరిది. నేను నమ్మలేదు. నాది మొదటి నుంచీ అనుమానపు బుద్ధి. కూరలో ఉప్పు తక్కువైతే కావాలనే వేయలేదంటానని మా ఇంట్లో నవ్వుతారు.

ఆత్మకూరు దగ్గరి మా బడికి ఆయన హెడ్మాస్టరు. మేం ముగ్గురం ఆడ టీచర్లం. అన్నం వేళ వరండాలో డబ్బాలు విప్పితే కూరలతో పాటు కష్టాలూ పంచుకునేవాళ్లం. పొద్దున నాలుగింటికి లేచి వండటం, బస్సులో నిలబడి రావడం, పాఠాలు, మళ్లీ ఇంట్లో పొయ్యి. ఒకరు అత్తను తిట్టేవారు, ఇంకొకరు ఏడ్చేవారు. గంట కొట్టగానే ముక్కు చీది, కొంగు దులుపుకొని క్లాసుకు పోయేవాళ్లం.

పెద్దసారు మాత్రం నాలుగు ముద్దలు తిని బోరు దగ్గరికి పోయి స్కూటర్ కడిగేవారు. రోజూ కాదు. పిల్లలు తగ్గారు, మీ బడిని పక్క ఊరి బడిలో కలుపుతాం అని పైనుంచి మాటొచ్చిన రోజు తప్పకుండా కడిగేవారు. డిక్కీలోంచి పాత తువ్వాల తీసి రుద్దిందే రుద్దేవారు.

"ఏమైంది సార్?" అంటే "ఏం గాలె తల్లీ, దుమ్ము" అనేవారు.

దుమ్మట! అందులో ముఖం చూసుకోవచ్చు, అట్లా మెరుస్తుండేది బండి. ఈయన మమ్మల్ని గాలికొదిలి బదిలీకి పెట్టుకున్నారని, బడి మూయడానికి సంతకం కూడా చేసేశారని అనుకున్నాను. ఒకరోజు ఆయన క్లాసులో ఉండగా డిక్కీ తెరవబోయాను. కిటికీలోంచి చూశారు. వచ్చి తాళం వేసుకొని పోయారు. దాంతో నా అనుమానం రెండింతలైంది.

అట్లాంటి మనిషే నా బిడ్డకు జ్వరమొచ్చిన వారమంతా నా క్లాసు కూడా చెప్పారు. "నువ్వు పో తల్లీ, నేను చూస్తగని" అన్నారు. తండా పిల్లలను ఆ స్కూటర్ మీదే ఎక్కించుకొని వచ్చేవారు.

ఒకసారి మా వరండా దాటిపోతూ ఆగారు. "మీరే నయమమ్మా. ఏడుస్తరు, లేస్తరు, పనికి పోతరు. మేం మగోళ్లం ఏడిస్తే పిల్లగాండ్లు చూస్తరాయె" అన్నారు. నవ్వుతూ అన్నారు గనుక నేనూ నవ్వాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

పదకొండో రోజు వాళ్లింటికి పోయాం. ఆయన భార్య నన్ను స్కూటర్ దగ్గరికి తీసుకుపోయి డిక్కీ తెరిచింది. తువ్వాల కింద పాలమూరు గుండె డాక్టరు రాసిన చీటీలు, ఆరు నెలలవి. వాటి కింద బడి కలపొద్దని ఆయన పెట్టుకున్న అర్జీల నకళ్లు.

"నాకు తెల్వనే తెల్వదు మేడమ్. మీ ముగ్గురితోని ఉంటుండె గద, మీకన్న చెప్పిండా?"

చెప్పలేదన్నాను. డిక్కీ తెరవబోయిన సంగతి మాత్రం ఆమెకు చెప్పలేకపోయాను. దాస్తున్నారని కనిపెట్టిన నేను తప్పు కోసమే వెతికాను. నొప్పి ఉంటుందని తోచనే లేదు.

మొన్న ఆదివారం సాయంత్రం బజారు నుంచి వచ్చేసరికి మా ఆయన వాకిట్లో మోటార్ సైకిల్ కడుగుతున్నారు. రైస్ మిల్లులో సూపర్‌వైజర్. దసరాకు కూడా ఆ పని నాకే అప్పగించే మనిషి.

"ఏమైంది?" అన్నాను.

"ఏం గాలె. దుమ్ము వట్టింది."

బండి తళతళలాడుతోంది. కూరగాయల సంచి కింద పెట్టి నల్లా కట్టేశాను. ఆయన చేతిలోని గుడ్డ తీసుకున్నాను. మెట్టు మీద కూర్చొని, పక్కన జాగా చూపించాను. "దుమ్ము సంగతి తర్వాత. కూసో, చెప్పు" అన్నాను.

ఆయన కూర్చోలేదు. వేళ్ల నుంచి నీళ్లు కారుతుండగా బండినే చూస్తూ నిలబడ్డారు. నేనూ లేవలేదు.