బతికున్నదానికి పిండం

కరోనా తగ్గిన మరుసటి ఏడాది జూన్‌లో మాదాపూర్‌లోని ఒక ఆన్‌లైన్ పాఠాల సంస్థలో జంతుశాస్త్ర సమీక్షకురాలిగా చేరాను. అంతకుముందు కాకినాడలో జూనియర్ లెక్చరర్‌ని. రచయితలు రాసిన పాఠాన్ని వాక్యం వాక్యం సరిచూసి, ఒప్పయితే పచ్చ గుర్తు, తప్పుంటే ఎర్ర గుర్తు పెట్టడం నా పని. పచ్చ గుర్తు పడనిదే పాఠం రికార్డింగుకు వెళ్లదు.

ఒకరోజు ఏడో తరగతి పాఠం వచ్చింది. అందులో రెండు జీవుల పోలిక. ఒకటి ఆక్సొలాటల్ అనే ఉభయచరం. మెక్సికో నగరం పక్కనున్న కాలువలే దాని సహజమైన ఇల్లు, అక్కడ ఇప్పుడు మిగిలినవి బహు తక్కువ. రెండోది హవాయి దీవుల్లో ఉండిన ఓఓ అనే పాటల పిట్ట. అది అంతరించిపోయింది. ఆఖరి మగపిట్ట జోడు కోసం పిలిచిన పిలుపు మాత్రం రికార్డులో ఉంది. పాఠం ఆ పిలుపు వినిపించమని రాసి, "ఈ ఇద్దరు నేస్తాలూ ఇక లేరు" అని ముగిసింది. ఎర్ర గుర్తు పెట్టాను.

మా మేనేజరు శ్రీకాంత్ సిద్దిపేట కుర్రవాడు. నేరుగా నా సీటు దగ్గరికి వచ్చాడు.

"గిదేంది మేడమ్, ఒక్క మాటకు పాఠం మొత్తం ఆపిన్రు?"

"ఒకటి పోయింది, ఒకటి బతికుందండి. ఆ ఒక్క మాటే కదా పాఠం!"

"బతికున్నదంటే పిల్లలు ఏడ్వరు మేడమ్. ఏడ్చినోళ్లే ఆఖరిదాంక చూస్తరు."

నాకు ఒళ్లు మండిపోయింది. "పిట్టకి మనం చేయగలిగింది ఏమీ లేదు. ఆ కాలువలు బాగుచేస్తే ఆక్సొలాటల్ ఇంకా నిలబడుతుంది. బతికున్నదానికి పిండం పెడతారా అండీ?"

హాలంతా మావైపు తిరిగింది. "జర నిమ్మలంగ ఉండుండ్రి మేడమ్" అంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రానికి ఆ పాఠం నా దగ్గర్నుంచి మాయమైంది. రసాయనశాస్త్రం చూసేవారి చేత పచ్చ గుర్తు పెట్టించారు. పైఅధికారికి మెయిల్ రాస్తే, ఆ వయసు పిల్లలకు అంత తేడా అక్కర్లేదని జవాబు వచ్చింది. పాఠం విడుదలైంది.

వారం తిరక్కుండానే తెల్లాపూర్ నుంచి ఒక తల్లి ఫోన్ చేసింది. వాళ్లింటి గాజుతొట్టిలో ఆక్సొలాటల్ ఉందట. ఇక లేదని పాఠంలో విన్న పాప, మరి తొట్టిలో ఉన్నదేమిటని ఏడుస్తోందట. నా చదువు కదిలించలేని పాఠాన్ని ఆ ఫోను ఒక్క గంటలోనే మార్చేసింది.

ఎలా మార్చారంటే, ఆక్సొలాటల్‌ను మొత్తానికే తీసేసి పిట్టను ఉంచారు.

"అయిపోయింది మేడమ్, ఇగ తప్పే లేదు" అని శ్రీకాంత్ సంతోషంగా చెప్పిపోయాడు.

తప్పు లేదు, నిజమే. కాపాడుకోగలిగిన జంతువూ లేదు. ఎర్ర గుర్తు పెట్టి ఊరుకుంటే తప్పుతోపాటు విషయాన్నీ తీసేస్తారని ఆ ఉద్యోగంలో తెలుసుకున్నాను. అప్పటినుంచి అక్కడ ఉన్నన్నాళ్లూ, ప్రతి ఎర్ర గుర్తు కిందా అక్కడ ఉండాల్సిన వాక్యం రాసే పంపాను.