అంగిలి చూసిన డాక్టరు

నాకు తెలుగు అక్షరాలు నేర్పింది మా కోడలు, అప్పటికి నాకు అరవై దాటాయి. ట దగ్గర "నాలిక పైకి ఆనించండి అత్తయ్యా" అనేది. అలా ఆనించినప్పుడే నా అంగిలి గరుకుగా ఉందని తెలిసింది. అందరికీ అలాగే ఉంటుందనుకున్నాను. ఎవరి అంగిలి ఎవరు చూస్తారు?

కిందటి చలికాలంలో పన్ను కదిలితే కోడలు నన్ను పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లింది. డాక్టరు చిన్న వయసు అమ్మాయి, మేముంటున్న ఛత్తీస్‌గఢ్ పిల్లే. పన్ను చూసి ఊరుకోలేదు. నా నాలుకను గుడ్డతో పట్టుకుని పక్కలు చూసింది, బుగ్గల లోపల వేలితో తడిమింది, మెడ కింద నొక్కింది. పన్ను కోసం వస్తే మెడతో పనేమిటా అనుకున్నాను. చివరికి నా తల వెనక్కి వంచి, అంగిలి మీద దీపం వేసి ఆగిపోయింది.

"గుడాఖు రుద్దుతారా అమ్మాజీ?" అని హిందీలో అడిగింది. ఇక్కడి ఆడవాళ్లు పళ్లకు రుద్దుకునే పొగాకు ముద్ద అది. లేదన్నాను. గుట్కా? ఖైనీ? బీడీ? సిగరెట్టు? అన్నిటికీ తల అడ్డంగా ఊపాను. మరిగే టీ తాగుతారా అంది. చల్లార్చుకుని తాగుతానన్నాను. చెప్పినవన్నీ నిజాలే.

"మరి ఇక్కడ కాలినట్టుందేం?"

కోడలు నా వంక చూసింది. "అత్తయ్యా, మీ చుట్ట సంగతి చెప్పరేటి?"

"చుట్ట సిగరెట్టేటే? అడ్డపొగ కదా!"

మా శ్రీకాకుళం వైపు ఆడవాళ్లు చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు, అదే అడ్డపొగ. గాలికి ఆరదు, చంకలో బిడ్డ మీద నుసి పడదు. మా అమ్మ కాల్చింది, నేనూ కాల్చాను. దాన్ని పొగతాగడం అని మేమెవరమూ అనుకోలేదు.

కోడలు హిందీలో చెబితే డాక్టరు నమ్మలేదు. చూపించమంది. కొంగుముడిలోంచి చుట్ట తీసి, వెలిగించకుండానే పెట్టి చూపించాను.

"నిప్పు లోపలా!" అని ముందుకు వంగి తొంగి చూసింది. "నాలుక కాలదా?"

"అలవాటైతే కాలదు బేటీ."

"నాలుక కాలలేదు గానీ, ఇది చూడండి" అని చిన్న అద్దం పెట్టింది. ఇన్నేళ్లూ నాతో ఉన్న అంగిలిని అప్పుడే చూశాను. తెల్లగా మందపాటి పొర, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు, ఒక పక్క చిన్న పుండు. నొప్పి లేదు కనక పరవాలేదనుకున్నాను. నొప్పి లేకపోవడమే ఆమెకు నచ్చలేదు. కేన్సర్ కావచ్చు, కాకపోవచ్చు, ముక్క తీసి పరీక్షకు పంపితే గాని చెప్పలేనంది.

మత్తు సూది వేసి పెసరగింజంత ముక్క తీసింది. కబురు వచ్చేవరకు నేను చుట్ట ముట్టలేదు. నాలుక మాటిమాటికీ అక్కడికే పోయేది. అంత చిన్న ముక్కలో ఏం చూస్తారు, ఎలా చూస్తారు అని కోడల్ని వేధించాను. భయపడటం లేదని చెప్పుకునేదాన్ని. ఆ ప్రశ్నలన్నీ భయమేనేమో.

"కేన్సర్ కాదు," అంది డాక్టరు. నేను ఊపిరి పీల్చుకునేలోగా, "కానీ మార్పు మొదలైంది. చుట్ట పూర్తిగా మానేయాలి, నేను పిలిచినప్పుడల్లా వచ్చి చూపించుకోవాలి" అంది. ఆ తర్వాత, "మీవాళ్లలో ఇలా కాల్చేవాళ్లు ఇంకా ఉన్నారా?" అని అడిగింది.

ఇదే ఊళ్లో రుఆబాంధా అనే పేటలో మా వదిన ఉంది, ఆమెదీ అడ్డపొగే. వెళ్లి చెబితే బోసినోటితో పకపకా నవ్వింది.

"ఓలమ్మ! ఒక్క పన్నూ నేదు, పళ్ల డాట్రు నాకేటి సేస్తాది?"

"పళ్లు కాదు వొదినా, అంగిలి సూస్తాది. నాది సూసింది. నెగు, పోదాం."

ఆటోలో దారి పొడవునా నన్ను తిడుతూనే వచ్చింది. డాక్టరు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, గుట్కా మాట ఎత్తకుండా, "చుట్ట ఎటు తిప్పి కాలుస్తారు అమ్మాజీ?" అని అడిగింది. వదిన తిట్లు ఆపి, ఎవరూ అడగని సంగతి అడిగినందుకు సంబరపడి, నోరు తెరిచి వేలితో లోపలికి చూపించింది.